లింక్ ఉంది సార్... పని జరగట్లేదు!

ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. శాఖల షట్టర్లు అప్పుడే లేచాయి. జోనల్ కార్యాలయంలో నా బల్ల మీది ఫోన్ మోగింది. అవతలి గొంతులో కంగారు, ఆ గొంతు వెనకాల ఖాతాదారుల కలకలం. “సార్, సర్వర్ డౌన్!”

నెట్‌వర్క్ విభాగానికి వచ్చి పన్నెండేళ్లయింది. ఈ మాట వినని పనిదినం ఒక్కటీ గుర్తులేదు. నిజంగా సర్వరే పడిపోతే ఫోన్ చేసేది ఒక్క శాఖ కాదు, దేశంలోని మన శాఖలన్నీ చేస్తాయి. ఒక్క శాఖే పిలిచిందంటే సర్వర్ నిక్షేపంగా ఉన్నట్టే. శాఖకూ దానికీ మధ్య దారిలో ఎక్కడో గండి పడిందన్నమాట. అయినా మనవాళ్లకి వైరు తెగినా, ఎలుక కొరికినా, ప్లగ్ ఊడినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా అన్నీ ‘సర్వర్ డౌన్’ అనే పద్దు కిందే జమ. ఇంతమంది ఇంత ధారాళంగా డిపాజిట్ చేసే ఖాతా మన బ్యాంకులో ఇంకొకటి లేదు.

నెట్‌వర్క్ ఉద్యోగం కూరలో ఉప్పు లాంటిది. సరిపోయిన రోజున ‘ఉప్పు బాగుంది’ అని ఎవరూ అనరు. తగ్గిన రోజున మాత్రం మొదటి ముద్దకే గుర్తుకొస్తుంది. ఇక బంధువుల సంగతి చెప్పక్కర్లేదు. మొన్న ఒక పెళ్లిలో మా బావమరిది అందరి ముందూ నన్ను పిలిచి, “బావగారూ, మీరు కంప్యూటర్ల మనిషే కదా, వంటవాళ్ల గ్రైండర్ తిరగట్లేదట, ఒకసారి చూడండి” అన్నాడు. చూశాను. ప్లగ్ ఊడి ఉంది. పెట్టాను, తిరిగింది. ఆ రోజు నాకు దక్కిన గౌరవం పన్నెండేళ్ల సర్వీసులో ఎప్పుడూ దక్కలేదు.

మనం రోజూ తిట్టుకునే ఈ లింక్ అసలు ఏమిటో, ఎలా నడుస్తుందో, ఎక్కడెక్కడ ఆగిపోతుందో సాటి ఉద్యోగులకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దానికి చివర్లో వస్తాను.

ఒక విత్‌డ్రాయల్ ప్రయాణం

కౌంటర్‌లో మీరు ఖాతా నంబరు కొట్టి ఎంటర్ నొక్కారు. ఆ తరువాత జరిగేది మన టపాలా విభాగం పనికి దగ్గరగా ఉంటుంది. మీ కంప్యూటర్ ఆ విన్నపాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కను ఒక్కో కవరులో పెట్టి, పైన ‘ఎవరి నుంచి, ఎవరికి’ అని రాస్తుంది. ఆ కవరునే ప్యాకెట్ అంటారు. కవర్లు ముందు శాఖలోని స్విచ్ దగ్గరికి వెళతాయి. స్విచ్ అంటే శాఖ లోపలే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కాగితం అందించే మనిషి అనుకోండి. ఊరు దాటాల్సిన కవర్లను అది రౌటర్‌కు అప్పజెబుతుంది. రౌటర్ మన డిస్పాచ్ సెక్షన్. ఏ కవరు ఏ దారిన పోవాలో దానికి తెలుసు.

అక్కడి నుంచి టెలికాం సంస్థ వేసిన లైను. శాఖ నుంచి దగ్గరలోని ఎక్స్ఛేంజ్ దాకా ఉండే ఆ ముక్కను ‘లాస్ట్ మైల్’ అంటారు. మన లింక్ సమస్యల్లో పెద్ద భాగం ఈ కాస్త దూరంలోనే పుడుతుంది. అది దాటాక కవర్లు టెలికాం సంస్థ పెద్ద నెట్‌వర్క్ ఎక్కి డేటా సెంటర్ గుమ్మం చేరతాయి. అక్కడ ఫైర్‌వాల్ అనే కాపలాదారు ఉంటాడు. జాబితాలో పేరుంటే లోపలికి, లేకపోతే మారుమాట లేకుండా బయటికి. మన బ్యాంకులో సిఫారసు పనిచేయని ఏకైక గుమ్మం అదే. లోపల అప్లికేషన్ సర్వర్ మీ విన్నపాన్ని చదివి, డేటాబేస్‌ను అడిగి, జవాబును మళ్లీ ముక్కలు చేసి, కవర్లలో పెట్టి, అదే తంతుతో వెనక్కి పంపుతుంది. మీ తెర మీద బ్యాలెన్స్ కనిపిస్తుంది. ఇదంతా మీరు ఎదుటి ఖాతాదారుతో “ఒక్క నిమిషం అండీ” అని పూర్తిగా అనేలోపు జరిగిపోతుంది.

సమాచారాన్ని ముక్కలు చేసి పంపే ఈ పద్ధతిని 1960ల్లో ఇద్దరు వేర్వేరు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఆలోచించారు. ఒకరు అమెరికాలో పాల్ బారన్, ఇంకొకరు బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్. ‘ప్యాకెట్’ అనే పేరు డేవిస్ పెట్టిందే. అంతకుముందు టెలిఫోన్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ దారి మొత్తం వాళ్లిద్దరికే కేటాయించాల్సి వచ్చేది. ఒక్క బండి కోసం రోడ్డంతా మూసేసినట్టు. ప్యాకెట్ల పద్ధతిలో రోడ్డు అందరిదీ, ఎవరి బండి వాళ్లది. ఒక దారి మూసుకుపోతే బండి ఇంకో దారి చూసుకుంటుంది.

ఈ పద్ధతిలో మొదటి పెద్ద ప్రయోగం అమెరికాలోని ఆర్పానెట్. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం పంపబోయారు. పంపాల్సిన మాట ‘లాగిన్’. అందులో మొదటి రెండు అక్షరాలు ‘ఎల్’, ‘ఓ’ చేరాయి, అంతలో అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. సరిచేసి మళ్లీ పంపడానికి గంట పట్టింది. అంటే నెట్‌వర్క్ పుట్టిన రోజే, పుట్టిన క్షణంలోనే ‘సర్వర్ డౌన్’. మన శాఖలు అనే మాటకు ఇంత ప్రాచీన సంప్రదాయం ఉందని తెలిశాక నాకు కొంత ఊరట కలిగింది.

ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి

కవరు మీద చిరునామా అన్నాను కదా, అదే ఐపీ అడ్రస్. 1981లో ఖరారైన పద్ధతిలో ఈ చిరునామాకు 32 బిట్లు ఇచ్చారు. అంటే సుమారు 429 కోట్ల చిరునామాలు. ‘ప్రపంచానికంతా ఇది చాలదా’ అనుకున్నారు. ఇప్పుడు ఒక ఇంట్లో నలుగురుంటే ఫోన్లు, టీవీ, కెమెరా కలిపి పది చిరునామాలు కావాలి. అందుకే 128 బిట్ల కొత్త పద్ధతి వచ్చింది. ఈలోపు ఇంజనీర్లు ఒక ఉపాయం కూడా చేశారు. కొన్ని నంబర్లను ‘ఎవరి ఆవరణలో వాళ్లు వాడుకోండి, బయట మాత్రం చెల్లవు’ అని వదిలేశారు. 10తో మొదలయ్యే చిరునామాలు అలాంటివే. ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి ఉన్నట్టు, ఎన్నో సంస్థల్లో లోపల 10తో మొదలయ్యే కంప్యూటర్లే ఉంటాయి. ఊరు వేరు కాబట్టి ఉత్తరం తప్పిపోదు.

కానీ ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, రెండు ఇళ్లకు ఒకే నంబరు వేస్తే? ఒక శాఖలో కొత్త ప్రింటర్‌కు ఎవరో చూసుకోకుండా మేనేజర్ గారి కంప్యూటర్ నంబరే ఇచ్చారు. ఆ తరువాత వారం రోజులు మేనేజర్ గారు పనిచేస్తుంటే ప్రింటర్ పనిచేయలేదు, ప్రింటర్ పనిచేస్తుంటే మేనేజర్ గారు పనిచేయలేదు. సిబ్బంది ఫిర్యాదు చేయడానికి వారం ఎందుకు పట్టిందో నేను అడగలేదు.

వెలుగుకు కూడా టైం పడుతుంది

“మా లింక్ స్లో” అన్న ఫిర్యాదుకు రెండు కారణాలుంటాయి. ఒకటి దారి ఇరుకు, రెండోది దూరం. దారి ఇరుకైతే డబ్బు పెట్టి వెడల్పు చేయవచ్చు. దూరాన్ని మాత్రం ఏ టెండరూ తగ్గించలేదు.

ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు. అందులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. శాఖకూ డేటా సెంటర్‌కూ మధ్య తీగ దూరం 1,500 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లి రావడానికి 15 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యింట పదిహేను వంతులు. మధ్యలోని యంత్రాల ఆలస్యం కలిపినా మనిషికి తెలియనంత.

వీశాట్ కథ వేరు. ఆ డిష్ మాట్లాడే ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి వెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి దిగాలి. అంతరిక్షంలో వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయినా ఈ రాకపోకలకు అరసెకను పడుతుంది. అరసెకనే కదా అనుకోవద్దు. ఒక తెర నిండటానికి మీ కంప్యూటర్, సర్వర్ ఇరవైసార్లు మాట్లాడుకోవాల్సి వస్తే పది సెకన్లు. క్యూలో నలభై మంది ఉన్న ఒకటో తారీఖున పది సెకన్ల విలువ ఎంతో కౌంటర్‌లో కూర్చున్నవారికే తెలుసు.

అయినా వీశాట్‌ను తక్కువ చేయకూడదు. రోడ్డే సరిగా లేని ఊళ్లకు బ్యాంకింగ్‌ను తీసుకెళ్లింది అదే. బ్యాంకులన్నిటికీ ఉమ్మడిగా ఉపయోగపడేలా 1999లో మొదలైన ఇన్ఫినెట్ కూడా ఉపగ్రహం ఆధారంగానే మొదలైంది. దాన్ని నడిపింది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేసేలా చేసిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ కూడా 2004లో అక్కడే మొదలై, 2009 చివర్లో ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది.

వీశాట్‌కు గట్టి వాన ఒక శత్రువు. నాకు తెలిసి ఇంకో శత్రువు కూడా ఉంది. ఒక శాఖలో ఎండాకాలమంతా సరిగ్గా పదకొండింటికి లింక్ పోయి నాలుగింటికి వచ్చేది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పరికరాలు మార్చాం, కేబుల్ మార్చాం, ఉపయోగం లేదు. చివరికి మధ్యాహ్నం పన్నెండింటికి డాబా ఎక్కి చూశాను. ఇంటి యజమానురాలు వడియాలు ఎండబెట్టి, కాకులు రాకుండా పైన పాత చీర కట్టారు. ఆ చీర ఒక కొస పిట్టగోడకు, రెండో కొస మన డిష్‌కు. “ఆ గొడుగు ఖాళీగానే ఉంటోంది కదా బాబూ” అన్నారావిడ. డిష్ పక్కన ఒక కర్ర పాతించి చీర దానికి కట్టించాను. లింక్ నిలిచింది. టికెట్ మూసేటప్పుడు కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక ‘వాతావరణం’ అని రాశాను.

రెండో దారి మొదటిదానికి చుట్టం కాకూడదు

శాఖల్లో లింక్ పోవడానికి నేను చూసిన కారణాలు రాస్తే ఒక గ్రంథమవుతుంది. రౌటర్ ప్లగ్ తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం అందులో మొదటి అధ్యాయం. రెండోది ఎలుకలు. మూడోది మాత్రం చెప్పి తీరాలి. ఒక శాఖలో ఊడ్చేటప్పుడు వేలాడుతున్న ఒక కేబుల్ కొస కనిపించింది. ‘పాపం, ఊడిపోయినట్టుంది’ అని ఎవరో దాన్ని స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో పెట్టారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. నిమిషంలో శాఖ మొత్తం స్తంభించింది.

ఎందుకంటే, కొన్ని కవర్లు ‘అందరికీ’ అని రాసి ఉంటాయి. స్విచ్ వాటిని అన్ని వైపులకూ పంపుతుంది. తన వైరు తనకే చుట్టుకుని ఉంటే పంపిన కవరే తిరిగి వస్తుంది, దాన్ని కొత్త కవరనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. ఊళ్లో పుకారు కూడా ఇలాగే పెరుగుతుంది. మనం చెప్పిన మాటే నాలుగిళ్లు తిరిగి మన దగ్గరికి వస్తే, ‘అయితే నిజమేనన్నమాట’ అని ఇంకో పదిమందికి చెబుతాం. ఇలాంటి చుట్టును తనంతట తానే కనిపెట్టి తెంచే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించారు. మంచి స్విచ్‌లన్నిటిలో అది ఉంటుంది. చవకగా దొరుకుతోందని బజారులో కొని తగిలించిన డబ్బాల్లో ఉండకపోవచ్చు. అందుకే మా విభాగం ‘అనుమతి లేని పరికరాలు పెట్టకండి’ అని సర్క్యులర్లు పంపేది. మా అధికారం చూపించుకోవడానికి కాదు.

లైన్ తెగితే ఎలాగన్న ప్రశ్నకు జవాబుగా ప్రతి శాఖకూ రెండు లైన్లు పెడతాం, రెండు వేర్వేరు సంస్థల నుంచి. కాగితం మీద ఎంతో భద్రంగా ఉంటుంది. ఒక పట్నంలో రోడ్డు వెడల్పు పనుల్లో పొక్లెయిన్ ఒక్క గోకు గోకింది. రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. తవ్విచూస్తే రెండు సంస్థల కేబుళ్లూ ఒకే గుంతలో, ఒకదాని పక్కన ఒకటి, అన్నదమ్ముల్లా పడుకుని ఉన్నాయి. రెండు ఒప్పందాలు, రెండు బిల్లులు, ఒకటే గుంత. జామీనుదారు, అప్పు తీసుకున్నవాడు ఒకే జేబులోంచి ఖర్చు పెడుతుంటే ఆ జామీనుకు విలువెంతో మన అప్పుల విభాగాన్ని అడగండి. అప్పటి నుంచి రెండో లైను తీగ అయితే మొదటిది ఏ వీధి నుంచి వస్తోందో కనుక్కుంటాం. కుదిరితే రెండోది గాలిలోంచి వచ్చేలా మొబైల్ సిమ్ మీదో, వీశాట్ మీదో పెడతాం.

గాలి అంటే ఒక ముచ్చట. 1990 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ఇంజనీర్లు సరదాగా ఒక ప్రమాణ పత్రం విడుదల చేశారు, పావురాల కాళ్లకు ప్యాకెట్లు కట్టి పంపడం గురించి. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు ఔత్సాహికులు దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది, అదీ దాదాపు గంట నుంచి గంటా ముప్పావు దాకా పట్టి. మిగతా పావురాలు ఏమయ్యాయో ఏ లాగ్‌లోనూ నమోదు కాలేదు.

వాళ్లకది సరదా. మన పొరుగున ఒడిశా పోలీసులకు అది ఉద్యోగం. 1946 నుంచి దశాబ్దాల పాటు అక్కడి పోలీసు శాఖ పావురాలతో కబుర్లు పంపింది. 1999 పెను తుపానులో ఫోన్లు మూగబోయినప్పుడు కూడా ఆ పావురాలు అక్కరకొచ్చాయి. తీగ మీద ఆధారపడని దారి కాబట్టి తీగలు తెగినా అది తెగలేదు. ప్రత్యామ్నాయం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆకుపచ్చ చుక్క

ఇక నా తప్పు.

మా గదిలో గోడ మీద పెద్ద తెర ఉంటుంది. ప్రతి శాఖకూ అందులో ఒక చుక్క. లింక్ ఉంటే ఆకుపచ్చ, పోతే ఎరుపు. ఆ రంగు నిర్ణయించేది పింగ్ అనే చిన్న పరీక్ష. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ దీన్ని రాశారు. జలాంతర్గాములు నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని కోసం వినే పద్ధతి నుంచి ఆ పేరు పెట్టారు. ‘ఉన్నావా?’ అని ఒక చిన్న కవరు పంపుతాం, అవతలి నుంచి ‘ఉన్నాను’ అని వస్తే లింక్ ఉన్నట్టు.

ఒక సోమవారం ఉత్తరాంధ్రలోని ఒక గ్రామీణ శాఖ నుంచి మేనేజర్ మేడమ్ ఫోన్ చేశారు. “సార్, లింక్ ఉంది, కానీ పని జరగట్లేదు.” తెర చూశాను. ఆకుపచ్చ. పింగ్ చేశాను. వందకు వంద జవాబులు. “లింక్ బాగుంది మేడమ్, మీ కంప్యూటర్లు ఒకసారి ఆపి మళ్లీ వేయండి” అన్నాను. టికెట్ మూసేశాను. మంగళవారం మళ్లీ చేశారు. “బ్యాలెన్స్ కనిపిస్తోంది సార్, ఖాతాదారుల ఫోటో, సంతకం మాత్రం రావట్లేదు.” మళ్లీ పింగ్, మళ్లీ ఆకుపచ్చ. “అది అప్లికేషన్ వాళ్ల సమస్య మేడమ్, మా వైపు ఏమీ లేదు” అన్నాను. రెండోసారీ మూశాను. బుధవారం ఆమె గొంతులో కోపం కూడా లేదు. “సార్, మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది” అన్నారు. వెళ్లాను.

వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. కూర్చుని పెద్ద కవరుతో పింగ్ చేశాను. మామూలు పింగ్‌లో మోత 32 బైట్లే, చిరునామాలన్నీ కలుపుకున్నా 60. మామూలుగా మన దారిలో ఒక కవరు 1,500 బైట్ల దాకా ఉండొచ్చు. 1,400 దాకా పంపితే జవాబు వచ్చింది. 1,500కు పెంచితే నిశ్శబ్దం. విషయం అప్పుడు అర్థమైంది. అంతకుముందు ఆదివారం రాత్రి టెలికాం సంస్థ ఆ శాఖ లైనును కొత్త దారిలోకి మార్చింది. ఆ దారిలో భద్రత కోసం ప్రతి కవరునూ ఇంకో కవరులో పెడతారు. దాంతో నిండు కవరు కాస్త లావై, మధ్యలో ఒక యంత్రం గుమ్మంలో పట్టడం లేదు. ‘పట్టడం లేదు, చిన్నది చేసి పంపు’ అని ఆ యంత్రం వెనక్కి కబురు చేయాలి. ఆ కబురును కూడా ఎవరో భద్రత పేరుతో ఆపేశారు. అందుకని పెద్ద కవర్లన్నీ చప్పుడు లేకుండా చెత్తబుట్టలోకి పోతున్నాయి. బ్యాలెన్స్ అంటే నాలుగు అంకెలు, చిన్న కవరు, వచ్చేస్తుంది. ఫోటో, సంతకం అంటే నిండు కవర్లు, రావు.

సైకిల్ మీద వంతెన దాటి వచ్చినవాడు ‘దారి బాగుంది’ అన్నాడు. ఆ మాట నమ్మి నేను బస్సు కూడా వెళ్తుందన్నాను.

మన రౌటర్‌లో కవరు పరిమాణం తగ్గించడానికి పట్టింది రెండు వరుసల ఆదేశం, ఒక నిమిషం. కౌంటర్‌లో తెర మీద ఫోటో వచ్చింది. డెబ్బై దాటిన ఒక ముసలమ్మ ఫోటో. ఆవిడ ఎదురుగానే బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

భర్త పోయాక వస్తున్న కుటుంబ పింఛను ఆవిడది. వేలిముద్ర ఖాతా, ఏటీఎం కార్డు లేదు. తెర మీద ఫోటో సరిచూడకుండా డబ్బు ఇవ్వడానికి వీల్లేదు. సంతకం పెట్టే పాత ఖాతాదారులకు బీరువాలోని కార్డులు తీసి సరిచూసి ఇచ్చారు, ఈవిడకు ఆ కార్డూ లేదు. సోమవారం, మంగళవారం, బుధవారం మూడు రోజులూ బస్సెక్కి వచ్చారు. ఖాతాలో ఇరవై వేలు దాటి ఉంది, తెర మీద కనిపిస్తోంది కూడా. మనవడి పరీక్ష ఫీజుకు మంగళవారం ఆఖరు తేదీ. ఆవిడ పొరుగింట్లో ఐదు రూపాయల వడ్డీకి ఆరు వేలు అప్పు చేసి కట్టారు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. ఆ శాఖకు ముప్పై కిలోమీటర్ల దూరంలో మనదే ఇంకో శాఖ ఉంది. సోమవారమే నేను ‘మీ లైన్లో లోపం ఉంది, రెండు రోజులు పట్టొచ్చు’ అని చెప్పి ఉంటే, మేడమ్ ఆవిడను అక్కడికి పంపేవారు. ఆవిడ ఫోటో ఆ శాఖ తెర మీద నిమిషంలో వచ్చేది. నేను ‘బాగుంది’ అన్నాను కాబట్టి వాళ్లు ఏ క్షణమైనా పని మొదలవుతుందనుకుని ఆవిడతో ‘రేపు రండమ్మా’ అన్నారు. లోపాన్ని కనిపెట్టలేకపోవడం ఒక తప్పు. లోపం లేదని గట్టిగా చెప్పడం దానికంటే పెద్ద తప్పు.

డబ్బు చేతికి వచ్చాక నేను దగ్గరికి వెళ్లి, “మూడు రోజులు తిప్పించాం, క్షమించండమ్మా” అన్నాను. ఆవిడ నోట్లు కొంగున కట్టుకుంటూ, “మిసను పాడైతే నువ్వేటి సేత్తావు బాబూ” అన్నారు. మిషన్ పాడవలేదని ఆవిడకు ఎలా చెప్పను?

ఆ నెల నివేదికలో ఆ శాఖ లింక్ లభ్యత 100 శాతం. మేనేజ్‌మెంట్ చదువులో ‘కొలవలేనిదాన్ని మెరుగుపరచలేం’ అని మాకు నేర్పారు. కొలిచేది సరైనదేనా అని అడగడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. శాతాలు వినడానికి ఎంతో సొంపుగా ఉంటాయి. 99.5 శాతం అంటే ఏడాదికి దాదాపు 44 గంటలు లేనట్టు. ఆ 44 గంటలు ఏ అర్ధరాత్రి పోయాయా, ఒకటో తారీఖున పోయాయా అన్నది శాతం చెప్పదు. ఆ సమయంలో బెంచీ మీద ఎవరు కూర్చున్నారో అసలే చెప్పదు.

ఆ తరువాత మా విభాగంలో రెండు మార్పులు చేశాం. ఒకటి, చిన్న పింగ్‌తో పాటు నిండు కవరుతో కూడా పరీక్ష నడుస్తుంది. రెండోదానికి జవాబు రాకపోతే చుక్క పసుపు రంగులోకి మారుతుంది. రెండు, టికెట్‌ను మేము మూయం. తెరిచిన శాఖే ‘పని జరుగుతోంది’ అని చూసుకుని మూయాలి.

ఫోన్ చేసే ముందు

మీ వైపు నుంచి నేను కోరేది కూడా కొంచెం ఉంది. ఫోన్ చేసే ముందు నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, ఆగింది ఒక్క కంప్యూటరా, శాఖ మొత్తమా? ఒక్కటే అయితే లోపం ఆ బల్ల దగ్గరే ఉండొచ్చు, ముందు దాని కేబుల్ చూడండి.

రెండోది, రౌటర్ దీపాలు వెలుగుతున్నాయా? ఆ గది తాళం సెలవులో ఉన్నవారి దగ్గర ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి, తాళం శాఖలోనే ఉంచండి.

మూడోది, అన్ని పనులూ ఆగాయా, కొన్నేనా? ‘బ్యాలెన్స్ వస్తోంది, ఫోటో రావట్లేదు’ అన్న ఒక్క వాక్యం నాలాంటివాడికి సగం రోగనిర్ధారణ. ఆ రోజు మేడమ్ మంగళవారమే ఆ వాక్యం చెప్పారు. విననివాణ్ణి నేను.

నాలుగోది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కొత్త ప్రింటర్ వచ్చిందా, గోడకు సున్నం వేశారా, బయట రోడ్డు తవ్వుతున్నారా, డాబా మీద వడియాలు పెట్టారా?

ఈ నాలుగూ చెప్పాక ‘సర్వర్ డౌన్’ అన్నా నేనేమీ అనుకోను. ఖాతాదారులతో మాత్రం ఆ మాట అనకండి. ‘మా లైన్లో లోపం ఉంది, ఇన్ని గంటలు పట్టవచ్చు, తొందరైతే ఫలానా శాఖకు వెళ్లండి’ అని చెప్పండి. అందులో ‘ఇన్ని గంటలు’ అన్న చోట ఏం చెప్పాలో మీకు నిజం చెప్పే బాధ్యత మాది.

ఇవాళ ఉదయం కూడా పది దాటి ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. “సార్, సర్వర్ డౌన్!” పక్కనే తెర మీద ఆ శాఖ చుక్క ఆకుపచ్చగానే ఉంది. దాన్ని చూడకముందే అడిగాను, “కౌంటర్ దగ్గర ఎవరున్నారు? వాళ్లకేం కావాలి?”